మంచు పలక అంచు దాకా బండి నడపాలంటే: గ్రీన్‌ల్యాండ్ టండ్రా దారికి సమగ్ర మార్గదర్శి

గ్రీన్‌ల్యాండ్‌లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు దాదాపు లేవు. విమానమో, పడవో, చలికాలంలో కుక్కల బండో, స్నోమొబైలో. అలాంటి దేశంలో, పడమటి వైపు, ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన కాంగెర్లుస్సువాక్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్ల మట్టిదారి తిన్నగా మంచు పలక (గ్రీన్‌ల్యాండ్‌లో ఎక్కువ భాగాన్ని కప్పేసిన మందపాటి మంచు) అంచు దాకా వెళ్తుంది. దారి చివరి చోటును పాయింట్ 660 అంటారు. సముద్రమట్టానికి 660 మీటర్ల ఎత్తు కాబట్టి ఆ పేరు. 1999 ప్రాంతంలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన కార్లను మంచు మీద పరీక్షించుకోవడానికి ఈ దారి వేయించింది. కొన్నేళ్లకు ఆ పరీక్షలు ఆగిపోయాయి, దారి మిగిలింది.

35 కిలోమీటర్లంటే మనకు విజయవాడ నుంచి గుంటూరు వెళ్లినంత. ఇక్కడ మాత్రం ఒక వైపుకే గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. మధ్యలో మెకానిక్ షాపు లేదు, చెట్టు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నేల సంగతి

చాలామంది బండి గురించి మొదలుపెడతారు. నేను నేలతో మొదలుపెడతాను. ఇక్కడ బండి నడపడంలో సగం తెలివి ఆ నేలను అర్థం చేసుకోవడంలోనే ఉంది.

ఈ ప్రాంతంలో వాన చాలా తక్కువ, ఏడాదికి 150 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంటే అనంతపురం కంటే కూడా చాలా తక్కువ. అయినా ఎండాకాలంలో పల్లపు నేలలు చిత్తడిగా ఉంటాయి. ఎందుకంటే కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దాన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. ఎండాకాలంలో పైపొర మాత్రమే కరుగుతుంది. కరిగిన నీళ్లు కిందికి ఇంకే దారి లేక పైపొరలోనే నిలిచిపోతాయి. పైన నాచు, గడ్డి, మోకాలెత్తు విల్లో పొదలు కనిపిస్తాయి. చెట్లు పెరగని ఇలాంటి చలి నేలనే టండ్రా అంటారు. చూడ్డానికి గట్టి నేలలాగే ఉంటుంది. అడుగేస్తే పరుపు మీద నడిచినట్టు లోపలికి దిగుతుంది.

వానాకాలంలో నల్లరేగడి దారిలో బండి దిగబడిన వాళ్లకు ఆ అనుభవం కొంత తెలుసు. తేడా ఏమిటంటే, నల్లరేగడి మీద పడిన గాడి మళ్లీ దున్నితే పోతుంది. ఇక్కడ పోదు. చక్రం ఆ నాచు పొరను చీల్చితే, కింద ఉన్న మంచుకు కప్పు తీసేసినట్టే. అక్కడ ఎండ ఎక్కువ పడుతుంది, మంచు కరుగుతుంది, నేల కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు ఇంకా వేడిని లాగుతాయి. అలా గాడి కాస్తా కాలువ అవుతుంది. అలాస్కా ఉత్తర తీరంలో 1940ల్లో చమురు కోసం వెతికినప్పుడు పడిన బండి జాడలు ఇప్పటికీ ఆకాశం నుంచి కనిపిస్తాయి. కాంగెర్లుస్సువాక్ దగ్గర ఒక విల్లో కొమ్మను వంగి చూశాను. నా బొటనవేలంత కూడా లావు లేదు. ఎవరో చక్రం కింద విరిచిన కొమ్మ అది. విరిగిన చోట వలయాలు ఒకదానికొకటి అతుక్కుని, కళ్లు చికిలించినా లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. పక్కనే మూడు మీటర్ల దూరంలో మంచి ట్రాక్ ఉంది.

కాబట్టి మొదటి నియమం, చివరి నియమం ఒకటే: ఉన్న ట్రాక్ దాటి చక్రం పెట్టొద్దు. గుంత వస్తే పక్కకు తప్పించుకోకుండా అందులోంచే నెమ్మదిగా పోవాలి. ఎదురుగా బండి వస్తే, వెడల్పుగా ఉన్న చోటు దాకా ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. ఫొటో కోసం ట్రాక్ దిగొద్దు. ఆఫ్‌రోడ్ అనే మాటకు ఇక్కడ అర్థం తారు లేని దారి, అంతే. దారి లేని చోటు అని కాదు.

ఎప్పుడు, ఏ కాగితాలతో

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మంచి కాలం. జూన్ చివర, జులైలో దోమలు విపరీతం. తలకు వల లేకుండా బండి దిగి టైరు మార్చడం నరకం. ఆగస్టు నాకు ఇష్టం: దోమలు తగ్గుతాయి, పొదలు ఎర్రబడతాయి, రాత్రి కాస్త చీకటి పడటం మొదలవుతుంది.

వీసా విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. గ్రీన్‌ల్యాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే కానీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. భారత పాస్‌పోర్టు మీద మామూలు షెంగెన్ వీసా ఉంటే చాలదు. గ్రీన్‌ల్యాండ్‌కు చెల్లుతుందని వీసా మీద విడిగా రాసి ఉండాలి. దరఖాస్తు చేసేటప్పుడే అడగండి. ఇంకో మార్పు: 2024 నవంబర్‌లో రాజధాని నూక్‌లో పెద్ద రన్‌వే మొదలయ్యాక, అంతకుముందు కాంగెర్లుస్సువాక్‌లో దిగే పెద్ద విదేశీ విమానాలు అటు మళ్లాయి. ఇప్పుడు నూక్ మీదుగా వెళ్లేలా ప్లాన్ చేసుకోవడం మంచిది.

అద్దె బండ్లు ఆ ఊళ్లో చాలా తక్కువ. ముందే మాట్లాడుకోవాలి. మంచు పలక దారిలో నడపడానికి ఒప్పుకుంటారా, ఇన్సూరెన్స్ అక్కడ వర్తిస్తుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. మట్టిదారి మీద ఎన్నడూ నడపని వాళ్లు మొదటిసారి స్థానిక గైడు ట్రక్కులో వెళ్లి చూడటం మేలు. దారి ఈ వారం ఎలా ఉందో ఊళ్లో అడిగి తెలుసుకోకుండా బయల్దేరొద్దు.

బండి, సామాను

నిజమైన ఫోర్ బై ఫోర్ కావాలి, లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉన్నది. ఎత్తు బాగా ఉండాలి. టైర్లు ఆల్ టెరైన్ రకం, పక్క గోడలు గట్టివి.

బండి చేతికి ఇచ్చేటప్పుడు అరగంట కేటాయించి అన్నీ కళ్లతో చూసుకోండి. ఒకసారి నేను తొందరలో ఆ పని చేయలేదు. ఊరు దాటి 12 కిలోమీటర్లు వెళ్లాక ముందు టైరు రాయి తగిలి పోయింది. స్టెప్నీ దించి చూస్తే అందులో సగం గాలే ఉంది. దాన్నే వేసుకుని నడక వేగంతో తిరిగి ఊరికి రావడానికి రెండు గంటలు పట్టింది. అప్పటి నుంచి స్టెప్నీలో గాలి కొలవందే తాళం తీసుకోను. రెండు స్టెప్నీలు దొరికితే రెండూ పెట్టుకోండి.

తప్పనిసరిగా ఉండాల్సినవి: టైర్లలో గాలి కొలిచే గేజి, 12 వోల్టుల కంప్రెసర్, పంక్చర్ కిట్, జాకీ, జాకీ కింద వేయడానికి వెడల్పాటి చెక్క. ఆ చెక్క లేకపోతే జాకీ బండిని లేపే బదులు తనే ఇసుకలో దిగబడుతుంది. ఒక పార, చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ పలకలు రెండు, సాగే గుణమున్న లాగుడు పట్టీ, 20 లీటర్ల అదనపు డీజిల్. లో రేంజ్‌లో, ఇసుకలో బండి మామూలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి విడిగా చెప్పాలి. హిమానీనదం రాళ్లను నూరి చేసిన పిండి ఈ లోయ నిండా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే సిమెంటు పొడిలా బూడిద రంగులో, వేళ్ల గీతల్లోకి దూరిపోయేంత మెత్తగా ఉంటుంది. గాలి వీస్తే అది పొగలా లేస్తుంది. ముందు బండి వెనకాలే పోతే ఆ పిండంతా మీ ఫిల్టర్‌లోకే వెళ్తుంది. కనీసం 200 మీటర్లు ఎడం ఉంచండి. ఫిల్టర్‌ను ఎలా తీయాలో ఊళ్లోనే ఒకసారి చేసి చూసుకోండి.

మనుషుల కోసం: బండి కదలకపోతే ఒక రాత్రి గడపగలిగేలా ఉండాలి. ఊళ్లో 15 డిగ్రీలున్న రోజున కూడా మంచు అంచు దగ్గర గాలికి వేళ్లు కొంకర్లు పోతాయి. స్లీపింగ్ బ్యాగు, ఉన్ని బట్టలు, గాలి ఆపే జాకెట్, రెండు రోజుల తిండి, నీళ్లు, చిన్న స్టవ్, ప్రథమ చికిత్స పెట్టె, నల్ల కళ్లద్దాలు.

మొబైల్ సిగ్నల్ ఊరు దాటగానే పోతుంది. ఉపగ్రహ ఫోను గానీ ఉపగ్రహ మెసెంజరు గానీ ఉండాలి. ఇరిడియం ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి వాటి మీద నడిచేది తీసుకోండి. భూమధ్యరేఖ మీద నిలిచి ఉండే ఉపగ్రహాలు ఇంత ఉత్తరాన దిగంతానికి చాలా దగ్గరగా ఉంటాయి, ఒక కొండ అడ్డొస్తే చాలు సిగ్నల్ పోతుంది. మ్యాపు ఫోన్‌లో ముందే దించుకుని, కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. దిక్సూచిని గుడ్డిగా నమ్మొద్దు. ఇక్కడ సూది అసలు ఉత్తరం నుంచి 20 డిగ్రీలకు పైగా పడమరకు తిరిగి ఉంటుంది.

బయల్దేరే ముందు ఊళ్లో ఒక మనిషికి చెప్పండి: ఏ బండి, ఎంతమంది, ఎన్ని గంటలకు తిరిగొస్తారు, ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. గ్రీన్‌ల్యాండ్‌లో నేల మీద గాలింపు బాధ్యత పోలీసులది.

దారిలో: ఇసుక, కంకర, ఎక్కుడు

ఊరు దాటాక కొంతసేపు దారి తేలిగ్గానే ఉంటుంది. 1941లో అమెరికా సైన్యం ఇక్కడ విమానస్థావరం కట్టింది, 1992లో ఖాళీ చేసింది. 1968లో కూలిన ఒక అమెరికన్ శిక్షణ విమానం ముక్కలు ఇప్పటికీ దారి పక్కన కనిపిస్తాయి. దూరం అంచనా వేసుకోవడానికి అది మంచి గుర్తు.

తర్వాత వచ్చేది సాండ్‌ఫ్లుగ్ట్‌డాలెన్. డేనిష్ భాషలో ఎగిరే ఇసుక లోయ అని అర్థం. ఇసుక మొదలయ్యే ముందే, గట్టి నేల మీద ఆగి టైర్లలో గాలి తీయండి. దిగబడ్డాక తీస్తే సగం ప్రయోజనమే. తారు మీద 35 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును కంకర మీద 26 నుంచి 28కి, మెత్తటి ఇసుకలో 16 నుంచి 18కి దించుతాను. టైరు అడుగున కాస్త పొట్ట వచ్చినట్టు కనపడాలి. నేలను తాకే భాగం పొడవుగా సాగి బరువు పంచుకుంటుంది. ఇంకా కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

ఇసుకలో వేగం కంటే ఊపు ముఖ్యం. రెండో గేరు, ఒకే రకమైన యాక్సిలరేటర్, స్టీరింగ్ చిన్నగా. బ్రేకు కొట్టొద్దు. బ్రేకు కొడితే చక్రాల ముందు ఇసుక గుట్టగా పోగవుతుంది, మళ్లీ కదలాలంటే దాన్ని ఎక్కాలి. ఆగాలంటే కాలు తీసేయండి, బండి తనే ఆగుతుంది. చక్రం ఒట్టినే తిరుగుతోందని అనిపించిన క్షణంలో కాలు తీయండి. ఇంకో మూడు సెకన్లు తిప్పితే ఇరుసు దాకా కూరుకుపోతుంది.

కొన్ని చోట్ల గట్టి నేల మీద చిన్న చిన్న అలల్లా గట్లు వస్తాయి. అక్కడ బండి దడదడలాడుతుంది, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. గంటకు 20, 30 కిలోమీటర్లు దాటకండి. ఇసుక దాటి రాళ్లు మొదలయ్యే ముందు మళ్లీ గాలి నింపడం మరవొద్దు. గాలి తక్కువున్న టైరు పక్కగోడ బయటికి ఉబ్బి ఉంటుంది, పదునైన రాయి అక్కడే కోస్తుంది. పక్కగోడ తెగితే పంక్చర్ కిట్ ఏమీ చేయలేదు.

సుమారు 25 కిలోమీటర్ల దగ్గర రస్సెల్ హిమానీనదం కనిపిస్తుంది. దాని ముఖం సుమారు 60 మీటర్ల ఎత్తున్న మంచు గోడ. ఆ గోడ ఎప్పుడు ఎక్కడ విరిగి పడుతుందో ఎవరూ చెప్పలేరు. పడిన ముక్కలు నదిలో అలలు లేపుతాయి, రాళ్లలా ఎగురుతాయి. దూరం నుంచే చూడండి.

అక్కడి నుంచి దారి ఎక్కుతుంది. లో రేంజ్ వేసుకోండి. ఎక్కేటప్పుడు మధ్యలో గేరు మార్చే పని పెట్టుకోవద్దు. దిగేటప్పుడు మొదటి గేరులో ఇంజన్నే బ్రేకుగా వాడాలి. కంకర మీద బ్రేకు నొక్కి పట్టుకుంటే చక్రాలు ఆగిపోయి బండి జారుతుంది.

నీళ్లు

హిమానీనదం నుంచి వచ్చే నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. అడుగు కనపడదు. ఎండ వల్ల మంచు మధ్యాహ్నం బాగా కరుగుతుంది, ఆ నీళ్లు సాయంత్రానికి కిందికి చేరతాయి. పొద్దున మడమ లోతున్న కాలువ సాయంత్రం మోకాలు దాటొచ్చు. కాబట్టి పెందలాడే బయల్దేరి, ట్రాక్‌కు అడ్డంగా పారే నీళ్లు సాయంత్రం పెరగకముందే తిరిగి రావాలి.

ట్రాక్‌కు అడ్డంగా కాలువ వస్తే ముందు మనిషి దిగి, కర్రతో పొడుస్తూ నడవాలి. మనిషి నిలబడి నడవలేని చోట బండి వెళ్లకూడదు. మోకాలు లోతు దాటితే వెనక్కి తిరగండి. నడిచి చూశాక, లో రేంజ్ మొదటి గేరులో, క్లచ్ ముట్టుకోకుండా, ఆగకుండా దాటాలి. అవతల బ్రేకును రెండుసార్లు మెల్లగా నొక్కి తడి ఆరనివ్వండి.

ఊరి పక్కనే పారే వాట్సన్ నదిని మాత్రం బండితో ముట్టుకోవద్దు. 2012 జులైలో మంచు పలక విపరీతంగా కరిగి ఈ నది పొంగింది. ఊళ్లో వంతెన తెగిపోయింది, దాన్ని కాపాడటానికి దిగిన పెద్ద లోడరు నదిలో బొమ్మలా కొట్టుకుపోయింది. డ్రైవరు బతికి బయటపడ్డాడు. అలాంటి యంత్రాన్నే తీసుకుపోయిన నీళ్లకు మన జీపు ఒక లెక్క కాదు. మంచు అడ్డుకట్టగా ఉన్న సరస్సులు తెగి, వాన లేకుండానే ఈ నదికి వరద వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నది ఒడ్డున బండి పార్క్ చేయొద్దు.

ఒడ్డున ఎండినట్టు కనిపించే బూడిదరంగు మట్టి ఇంకో ప్రమాదం. పైన పెచ్చు కట్టి ఉంటుంది, కింద ఊబి. కాలితో నాలుగైదుసార్లు తొక్కి చూడండి. నీళ్లు పైకి చెమ్మగిల్లి నేల జెల్లీలా ఊగితే వెంటనే వెనక్కి వచ్చేయండి.

బండి దిగబడితే

ఇంజన్ ఆపండి. దిగండి. చుట్టూ తిరిగి చూడండి. ఈ ఐదు నిమిషాలు టెన్షన్‌లో చాలామంది వృథా అనుకుంటారు, కానీ చక్రాన్ని ఇంకా లోతుకు దింపేది ఆ టెన్షనే.

ముందు టైర్లలో ఇంకో నాలుగు పీఎస్ఐ తీయండి. చక్రాల చుట్టూ, బండి పొట్ట కింద ఉన్న మట్టిని పారతో తీయండి. పొట్ట నేలకు ఆని ఉంటే చక్రాలు ఎంత తిరిగినా లాభం లేదు. పలకలు చక్రానికి గట్టిగా ఆనించి, వచ్చిన దారినే, అంటే వెనక్కి రావడానికి ప్రయత్నించండి. వచ్చిన దారి గట్టిగా ఉందని మీకు ముందే తెలుసు కదా.

వించి (తాడు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) ఉన్నా దాన్ని కట్టడానికి ఇక్కడ చెట్టు ఉండదు. భూమిలో పాతుకున్న పెద్ద బండరాయి దొరకాలి. లేదంటే ఇసుకలో మీటరు లోతు గొయ్యి తీసి, స్టెప్నీని నిలువుగా పాతి దానికి కట్టాలి. ఇది గంట పని, చెమట పడుతుంది, చెమట పట్టిన బట్టలతో చలిగాలిలో నిలబడొద్దు. నాచు ఉన్న టండ్రాలో గొయ్యి తీయకండి, ఇసుకలోనే.

ఇంకో బండి లాగడానికి వస్తే పట్టీని బండి ఫ్రేముకు ఉండే కొక్కేనికే తగిలించండి. ట్రైలర్ తగిలించే గుండుకు ఎప్పుడూ కట్టొద్దు. అది తెగితే ఫిరంగి గుండులా వస్తుంది. మిగతావాళ్లు పట్టీ పొడవుకు రెట్టింపు దూరంలో నిలబడాలి.

రెండు గంటల్లో బయటపడకపోతే సాయం అడగండి. బండిని వదిలి నడవొద్దు. వెతికేవాళ్లకు బండి కనపడినంత తేలిగ్గా మనిషి కనపడడు.

జంతువులు

1960ల్లో తూర్పు గ్రీన్‌ల్యాండ్ నుంచి 27 కస్తూరి ఎద్దులను తెచ్చి ఇక్కడ వదిలారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. దూరం నుంచి గోధుమరంగు బండరాయిలా కనిపించి, హఠాత్తుగా తల ఎత్తుతాయి. ట్రాక్ మీద నిలబడితే ఇంజన్ ఆపి ఆగండి, హారన్ కొట్టొద్దు. దిగి దగ్గరికి వెళ్లొద్దు. తల దించి ముందుకాలితో నేల గీరితే, అది పరిగెత్తుకొచ్చే ముందు ఇచ్చే హెచ్చరిక. నక్కలు ముద్దుగా దగ్గరికొస్తాయి, వాటికి రేబిస్ ఉండొచ్చు. తిండి పెట్టొద్దు.

మంచు అంచున

పాయింట్ 660 దగ్గర బండిని గట్టి కంకర మీద, తిరుగు ముఖంగా ఆపండి. గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి. తలుపు తెరిచేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోండి. మంచు మీది నుంచి చల్లటి బరువైన గాలి కిందికి దొర్లుతూ వస్తుంది, తలుపును కీళ్లతో సహా లాగేయగలదు.

ఇక్కడి నుంచి నడకే. మంచు అంచున ఉన్న మట్టి, రాళ్ల గుట్టలు గట్టిగా కనిపిస్తాయి కానీ చాలా చోట్ల వాటి కింద మంచే ఉంటుంది. రాయి మీద కాలేస్తే రాయి, మీరు కలిసి జారతారు. ఏటేటా అంచు మారుతోంది, పోయినేడు ఎక్కిన చోటు ఈ ఏడు ఉండకపోవచ్చు.

మంచు మీదికి సొంత బండి ఎక్కించే ఆలోచన పెట్టుకోవద్దు. పగుళ్లు, నీళ్లు దూకే నిలువు బావులు ఉంటాయి. లోపలికి యాత్రగా వెళ్లాలంటే గ్రీన్‌ల్యాండ్ ప్రభుత్వ అనుమతి, గాలింపు ఖర్చులకు ఇన్సూరెన్స్ కావాలి. బూట్లకు ముళ్ల పట్టీలు వేసుకుని, దారి తెలిసిన గైడుతో కొద్ది దూరం నడిచినా చాలు. గ్రీన్‌ల్యాండ్ వాళ్లు దీన్ని సెర్మెర్సువాక్ అంటారు, పెద్ద మంచు. 17 లక్షల చదరపు కిలోమీటర్లు, కొన్ని చోట్ల 3 కిలోమీటర్లకు పైగా మందం. అంచున నిలబడి తూర్పుకు చూస్తే తెల్లదనం ఆకాశంలో కలిసిపోతుంది. అరగంట మాట్లాడకుండా అక్కడ కూర్చోండి.

వాడిన కాగితాలు, చెత్త, మలం సహా అన్నీ సంచిలో కట్టి వెనక్కి తేవాలి. గడ్డకట్టిన నేలలో పాతింది కుళ్లడానికి చాలా ఏళ్లు పడుతుంది.

చలికాలం మాట

మైనస్ 40 డిగ్రీలకు పడిపోయే కాలంలో ఈ దారిలో ఒంటరిగా నడపొద్దు. బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది, మామూలు డీజిల్ మైనంలా గడ్డకడుతుంది. స్థానికుల బండి వెంటే, చలికాలపు డీజిల్‌తో, ఇంజన్ వేడిచేసే హీటరున్న బండితోనే వెళ్లాలి. మంచులో ఇరుక్కుని ఇంజన్ నడిపిస్తూ కూర్చుంటే పొగగొట్టం చుట్టూ మంచు తీస్తూ ఉండాలి. లేకపోతే విషవాయువు బండిలోకి వస్తుంది.

తిరిగొచ్చాక

ఊరి అంచున ఆగి నాలుగు టైర్లలోనూ గాలి నింపండి. పక్కగోడల మీద చెయ్యి పెట్టి తడిమి, కోతలున్నాయేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి, బూడిద రంగు పిండి ఎంత రాలుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. బ్రేకుల్లో, చక్రాల లోపల ఇరుక్కున్న మట్టిని నీళ్లతో కడగండి, ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. దారిలో కొత్తగా కోసుకుపోయిన చోటు, పెరిగిన కాలువ కనిపించి ఉంటే ఊళ్లో చెప్పండి, రేపు వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. ఆ తర్వాత, స్నానానికి వెళ్లకముందే, పొద్దున టైం చెప్పి వచ్చిన మనిషికి ఫోన్ చేసి అందరం తిరిగొచ్చామని చెప్పండి.